మండువాలో ఎండ, వసారాలో నీడ: ఛాయాగ్రహణం ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉపాధ్యాయుడిని. రెండేళ్ల కిందట ఎవరో వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఒకటి కొనుక్కుని, సెలవు రోజుల్లో మా కాలువలనూ, కొబ్బరి తోటలనూ, పాత పెంకుటిళ్లనూ ఫొటోలు తీస్తున్నాను. మా అమ్మమ్మగారి మండువా లోగిలి మాత్రం నాకు లొంగడం లేదు. మండువాలో పడే ఎండకు సరిపెడితే వసారా బొగ్గులా వస్తున్నది, వసారాకు సరిపెడితే మండువా సున్నం పోసినట్లు తెల్లబడుతున్నది. వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫొటోలను కలిపే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) పద్ధతి గురించి చదివి, మూడు ఫొటోలు తీసి కలిపాను. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి కాని అది మా ఇల్లులా లేదు. అమ్మమ్మగారు చూసి, “ఇదెవరి ఇల్లురా?” అని అడిగారు. తీసిన మూడింటినీ, కలిపినదానినీ పంపుతున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరు.

జవాబు: మీరు పంపిన నాలుగు చిత్రాలనూ పెద్ద తెరమీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. కొన్ని లోపాలు తీయడంలో జరిగాయి, ఒకటి కలపడంలో జరిగింది. తీయడంలో జరిగినవాటిని వచ్చే ఆదివారమే దిద్దుకోవచ్చు. మీ అమ్మమ్మగారు పట్టుకున్నది మాత్రం కలపడంలో జరిగినదానిని; దానిని దిద్దుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

ముందు వెలుగు లెక్క చూద్దాం. వెలుగు రెట్టింపైనా, సగమైనా ఆ తేడాను ఒక స్టాప్ అంటామని మీకు తెలిసే ఉంటుంది. అపర్చర్‌ను (లెన్సు రంధ్రాన్ని) ఎఫ్ 8 దగ్గర, ఐఎస్‌ఓను (వెలుగుకు సెన్సరు స్పందించే తీరును) 100 దగ్గర ఉంచి, ఉదయం 11 గంటల ఎండ పడుతున్న మండువా నేలకు స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగును మాత్రమే కొలిచేది) గురిపెడితే షట్టర్ సుమారు 1/500 సెకను చూపుతుంది. అదే మీటరును వసారా దాటించి లోపలి గది గుమ్మంలోకి తిప్పితే అది ఒక పూర్తి సెకను అడగవచ్చు. 1/500 నుంచి 1/250, 1/125 అంటూ రెట్టించుకుంటూ పోతే ఒక సెకనుకు చేరడానికి 9 మెట్లు పడతాయి. అంటే గుమ్మంలో ఉన్నదానికి 500 రెట్ల పైచిలుకు వెలుగు మండువాలో ఉన్నది. ఇవి కూడా సగటు కొలతలే. నీళ్లు చల్లిన నేల మెరిసేచోట వెలుగు ఇంకా ఎక్కువ, గదిలో గాదె వెనుక ఇంకా తక్కువ. అన్నీ కలుపుకుంటే 13 స్టాపులకు తక్కువ కాదు. నేటి మంచి సెన్సర్లు రా ఫైలులో (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ముడి చిత్రంలో) 12 నుంచి 14 స్టాపుల దాకా పట్టగలవు కాని, వాటిలో అట్టడుగున ఉన్న రెండు మూడు స్టాపులను పైకి లాగితే ఇసుక చల్లినట్లు నలుసులు కనిపిస్తాయి. పాత కెమెరాలో ఆ ఇసుక మరికాస్త ఎక్కువ. జేపెగ్ ఫైలులోనైతే ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి కనుక అంత దూరం లాగనే కూడదు. మన కన్ను ఈ ఇబ్బందిని పడదు: కనుపాపను చిన్నది చేసి మండువానూ, పెద్దది చేసి వసారానూ విడివిడిగా చూసుకుని, రెండింటినీ మెదడులో ఒకే దృశ్యంగా కూర్చుకుంటుంది. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసిన ఫ్రేములను కలిపే హెచ్‌డీఆర్ చేసేదీ స్థూలంగా ఈ పనినే.

ఇక మీ మూడు ఫ్రేముల సంగతి. వాటితోపాటు వచ్చిన వివరాలలో మూడింటికీ షట్టర్ 1/60 అనే ఉన్నది. అపర్చర్ మాత్రం ఎఫ్ 5.6, 8, 11 అని మారింది. అంటే మీరు కెమెరాను షట్టర్ ప్రయారిటీలో ఉంచి బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగులతో వరుసగా తీసే ఏర్పాటు) నొక్కారు. షట్టరును కదల్చవద్దని మీరు చెప్పినందువల్ల అది పాపం అపర్చరును కదిలించింది. అపర్చర్ మారితే స్పష్టంగా కనిపించే లోతు మారుతుంది. మీ ముందున్న దూలస్తంభం మీది చెక్కడం ఒక ఫ్రేములో పదునుగా, మరొక ఫ్రేములో మెత్తగా ఉన్నది. రెండూ ఒకదానిమీద ఒకటి పడేసరికి ఆ చెక్కడం అంచులు తడిసి ఉబ్బిన అట్టలా తయారయ్యాయి. బ్రాకెటింగులో అపర్చరును, ఐఎస్‌ఓను, వైట్ బ్యాలన్సును (రంగుల సమతూకాన్ని), ఫోకసును కట్టిపడేసి షట్టరును మాత్రమే మారనివ్వాలి. ఆటో వైట్ బ్యాలన్సు ఉంచినందువల్లే మీ మూడో ఫ్రేము పసుపు తిరిగింది. రెండో లోపం, ఒక్కొక్క స్టాప్ తేడాతో మూడు తీయడం. దీనివల్ల మీకు అదనంగా దక్కినవి రెండు స్టాపులు మాత్రమే. ఆ మాత్రం ఒక్క రా ఫైలు నుంచే తీసుకోవచ్చు కనుక, మీరు పడిన శ్రమకు ఫలితం దక్కలేదు.

ఈసారి ట్రైపాడ్ మీద పెట్టి, మాన్యువల్ మోడులో ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100 ఉంచి, స్తంభం మీద ఫోకస్ చేసుకుని ఆ తరువాత ఫోకసును కూడా మాన్యువల్‌కు మార్చండి. ముందు 1/500 దగ్గర ఒకటి తీయండి. ప్రతిసారీ రెండు స్టాపుల చొప్పున దిగుతూ 1/125, 1/30, 1/8, 1/2 దగ్గర తక్కిన నాలుగూ తీయండి. చాలా కెమెరాలలో డయల్ ఒక్కో టిక్కుకు స్టాపులో మూడో వంతు కదులుతుంది కనుక ఆరు టిక్కులు తిప్పితే రెండు స్టాపులు. డయల్ తిప్పేటప్పుడు కెమెరా కదలకుండా చూసుకోండి. బటన్ నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టండి, లెన్సులో కుదుపును తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే ట్రైపాడ్ మీద దానిని ఆపివేయండి. మొదటి ఫ్రేము హిస్టోగ్రాములో (నలుపు ఎడమన, తెలుపు కుడిన ఉండేలా చిత్రంలోని వెలుగులను చూపే పటంలో) కుడివైపు గోడకు ఏదీ తగలకూడదు, చివరి ఫ్రేములో ఎడమవైపు గోడకు ఏదీ తగలకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గితే మధ్యలోవి ఎన్ని అన్నది పెద్ద విషయం కాదు. అమ్మమ్మగారు వసారాలో కూర్చుంటే అర సెకను పాటు కదలకుండా ఉండమనడం బాగుండదు కాబట్టి, వసారా వెలుగుకు సరిపోయే ఫ్రేమును ఐఎస్‌ఓ పెంచి విడిగా ఒకటి తీసి పెట్టుకోండి, ఆమె ముఖాన్ని దానిలోనుంచి తీసుకుందాం.

ఇప్పుడు ఆమె అడిగిన ప్రశ్నకు వస్తాను. మీరు కలిపిన చిత్రంలో మూడుచోట్ల వెలుగును కొలిచి చూశాను. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే మండువా నేల 170 దగ్గర, వసారా గోడ 160 దగ్గర, లోపలి గది 150 దగ్గర ఉన్నాయి. ఎండలో ఉన్న నేలకూ, కిటికీ కూడా లేని గదికీ మధ్య 20 మెట్ల తేడా! అసలు దృశ్యంలో 500 రెట్లు ఉన్న తేడాను తెరమీదికీ కాగితం మీదికీ దించాలంటే కుదించక తప్పదన్నది నిజమే. మంచి నిగనిగలాడే ఫొటో కాగితం మీద కూడా అతి తెలుపుకూ అతి నలుపుకూ నడుమ ఏడెనిమిది స్టాపులకు మించి ఉండదు. ఆ కుదింపునే టోన్ మ్యాపింగ్ అంటారు. అయితే కుదించడం వేరు, చదును చేయడం వేరు. మండువా అన్నిటికంటే వెలుగు, వసారా దాని తరువాత, గది అన్నిటికంటే చీకటి అన్న వరుస చెడకూడదు. ఆ వరుసలో ఒక్కొక్కదానికీ మధ్య ఎడం కూడా కంటికి తెలియాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో బలం అనే స్లైడరును చివరిదాకా జరిపినందువల్ల అది ప్రతి మూలనూ పక్క మూలతో సమానం చేసింది.

మండువా ఇంటి చూరును అంత కిందికి దించింది లోపలికి ఎండ రాకూడదనే. వేసవి మధ్యాహ్నం వీధిలోనుంచి ఆ వసారాలోకి అడుగుపెట్టగానే కళ్లకు ఒక్కక్షణం ఏమీ కనిపించదు, తరువాత మెల్లగా స్తంభాలు, ఉయ్యాలబల్ల, గోడమీది పటాలు ఒక్కొక్కటే తేలుతాయి. ఆ ఇంటి చల్లదనం కంటికి తెలిసేది ఆ చీకటి వల్లనే. దానిని తుడిచివేసిన చిత్రంలో వస్తువులన్నీ ఉన్నాయి, ఇల్లు లేదు. 80 ఏళ్లుగా ఆ ఇంట్లో తిరిగినావిడకు అది పరాయి ఇల్లులా కనిపించడంలో వింత ఏముంది?

మరోసారి కలిపేటప్పుడు మండువా నేలను 235 దగ్గర, వసారా గోడను 110 దగ్గర, గదిని 40 దగ్గర ఉంచే ప్రయత్నం చేయండి. ఈ అంకెలు శాసనాలేమీ కావు, నా కంటి అంచనా. గదిలో అన్నీ కనిపించనక్కరలేదు. మీ ఐదో ఫ్రేము పుణ్యమా అని ఆ చీకట్లో ఇత్తడి గంగాళం అంచు ఒక్కటి మెరిస్తే చాలు, తక్కినది చూసేవారు ఊహించుకుంటారు. బలం, వివరం అనే స్లైడర్లను నాలుగో వంతు దగ్గర ఆపండి. అప్పటికీ కృత్రిమంగా ఉంటే, కలిపిన చిత్రం మీద మీ మధ్య ఫ్రేమును ఒక పొరగా పరచి, దాని గాఢతను 30 శాతం దాకా పెంచి చూడండి. పోయిన నీడలు కొంత తిరిగి వస్తాయి.

నేనూ మొదట్లో మా వీధి రామాలయాన్ని ఇలాగే తీసి, పెద్దది వేయించి, ఫ్రేము కట్టించి, పూజారిగారికి బహూకరించాను. ఆయన మర్యాదగా తీసుకున్నారు. ఆ పటం ఏ గోడమీదా నాకు ఇంతవరకు కనిపించలేదు.

ప్రశ్న: వరంగల్లులో ఉంటున్నాను. వేయిస్తంభాల గుడిని హెచ్‌డీఆర్‌లో తీసి కలిపితే, గుడి చుట్టూ ఆకాశంలో తెల్లని వెలుగు చారలా వస్తున్నది, దేవుడి పటం వెనుక కాంతివలయంలా ఉన్నది. నల్లరాతి స్తంభాలు సిమెంటు రంగుకు తిరుగుతున్నాయి. మా బంధువులు “భలే ఉంది” అంటున్నారు, ఫొటో పోటీలలో మాత్రం మొదటి వడపోతలోనే పోతున్నది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: పోటీ పెట్టినవారి మాట నమ్మండి, బంధువులతో సఖ్యంగా ఉండండి. మీ బంధువులకు నచ్చినది ఫ్లెక్సీల రంగు. మన కూడళ్లలో ఏళ్ల తరబడి అలాంటి ఆకాశాలనూ, అలాంటి ముఖాలనూ చూసి చూసి, అదే అందమని మన కళ్లు ఒప్పుకున్నాయి.

మీరు చెప్పిన తెల్లని చార ఎందుకు వస్తుందో తెలిస్తే దానిని పోగొట్టడం తేలిక. కొన్ని టోన్ మ్యాపింగ్ పద్ధతులు చిత్రాన్నంతటినీ ఒకే కొలతతో కుదించకుండా, ప్రతి చుక్కకూ దాని చుట్టుపక్కల సగటు వెలుగు ఎంతో చూసి ఎంత పెంచాలో నిర్ణయిస్తాయి. ఆకాశం మధ్యలో ఉన్న చుక్కకు చుట్టూ ఆకాశమే కనుక సగటు ఎక్కువ, అది తగ్గించబడుతుంది. కప్పు అంచుకు ఆనుకుని ఉన్న ఆకాశపు చుక్కకు చుట్టుపక్కల సగం నల్లరాయి. సగటు పడిపోతుంది, ఆ చుక్క ఆకాశపుదే అయినా నీడలో ఉన్నదని భ్రమించి సాఫ్ట్‌వేర్ దానిని పెంచుతుంది. అలా పెరిగిన చుక్కలన్నీ వరుసగా చేరి కట్టడం చుట్టూ గీత గీసినట్లు నిలుస్తాయి. చుట్టుపక్కల ఎంత దూరం చూడాలో చెప్పే వ్యాసార్థాన్ని మార్చినా, బలం తగ్గించినా గీత పలచబడుతుంది. అసలు ఆ పద్ధతే వదిలి ఎక్స్‌పోజర్ ఫ్యూజన్‌కు మారడం నా సలహా. టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్స్, ఫ్రాంక్ వాన్ రేత్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ప్రకటించిన పద్ధతి ఇది. ప్రతి ఫ్రేములోనూ బాగా పడిన భాగాలకు ఎక్కువ విలువ ఇస్తూ అన్నిటినీ నేరుగా మేళవిస్తుంది, నడుమ హెచ్‌డీఆర్ ఫైలు అవసరం ఉండదు. ఎన్‌ఫ్యూజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనే చేస్తుంది. ఫలితం మొదట చప్పగా అనిపిస్తుంది. ఆ చప్పదనం మంచిదే, తరువాత మీకు కావలసినంత ఉప్పు మీరే వేసుకోవచ్చు.

స్తంభాల విషయంలో లోపం ఇంకొకటి. 1163 నాటి ఆ కాకతీయ స్తంభాలను నున్నగా చెక్కి మెరుగుపెట్టారు. నల్లరాయి మెరుగు కనిపించేది చుట్టూ నలుపు నలుపుగా ఉన్నప్పుడే. నీడలను లేపగానే నలుపు బూడిద అవుతుంది, దానిమీది మెరుపు గీత కలిసిపోతుంది, రాయి సిమెంటు అవుతుంది. నీడల స్లైడరును సున్న దగ్గరే ఉంచి, బ్లాక్స్ అన్నదానిని కొంచెం కిందికి దించండి. సున్నం వేసిన గుడికీ, ఇసుకరాతి గుడికీ, నల్లరాతి గుడికీ ఒకే ప్రీసెట్ (ముందే అమర్చిన స్లైడర్ల కొలతలు) వాడకండి.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నాను. కాలువ గట్టున తీసిన హెచ్‌డీఆర్ చిత్రాలలో కొబ్బరి మట్టలు రెండేసి మూడేసిగా, దయ్యాల్లా వస్తున్నాయి. పడవలూ అంతే. గాలి లేని కోనసీమ ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: సూర్యోదయానికి కొంచెం ముందు దొరుకుతుంది, అరగంటకు మించి నిలవదు. తక్కిన సమయాల్లో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మట్ట కదులుతుంది, సాఫ్ట్‌వేర్ రెండు చోట్లా దానిని చూస్తుంది. దీనిని ఘోస్టింగ్ అంటారు. దయ్యమన్న మీ మాట సరిగ్గా సరిపోయింది. కలిపేటప్పుడు డీగోస్ట్ అనే ఏర్పాటును వాడితే, కదిలిన భాగాన్ని ఏదో ఒక్క ఫ్రేములోనుంచే తీసుకుంటుంది. ఏ ఫ్రేమో మీరు ఎంచుకోగలిగితే మట్టలు ఆకాశం ముందు స్పష్టంగా ఉన్నదానినే ఎంచుకోండి. నీళ్ల గురించి దిగులు పడనక్కరలేదు, అలలు కలిసిపోయి నునుపుగా కనిపించడం చాలామందికి ఇష్టమే. పడవ మాత్రం ఆగి ఉన్నప్పుడే తీయండి.

గాలి మరీ ఎక్కువగా ఉంటే కలపడం మానుకుని ఒక్క రా ఫైలే తీయండి. మబ్బుల అంచు తెల్లబడకుండా ఉండే అతి పెద్ద ఎక్స్‌పోజర్ ఎంతో చూసుకుని అక్కడ ఆగి, గట్టు నీడలను తరువాత లేపుకోవాలి. తెల్లబడిన ఆకాశంలో తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు, నల్లబడిన గట్టులో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఎండ వెనుకనుంచి పడుతున్న కాలువ దృశ్యానికి ఈ పద్ధతి తొంభై పాళ్లు సరిపోతుంది.

ప్రశ్న: విజయవాడ. నా ఫోను హెచ్‌డీఆర్‌ను తనంతట తానే చేసుకుంటున్నది. ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం తీస్తే ఆకాశమూ, నీళ్లూ, తలుపులూ అన్నీ వస్తున్నాయి. ఇంకా కెమెరా, ట్రైపాడ్, ఐదు ఫ్రేములు ఎందుకు?

జవాబు: బ్యారేజీ మీద సూర్యాస్తమయం చాలనుకుంటే ఎందుకూ అక్కరలేదు. ఇది వ్యంగ్యం కాదు. 2010లో ఐఫోన్‌కు హెచ్‌డీఆర్ వచ్చినప్పుడు అది మూడు ఎక్స్‌పోజర్లను కలిపేది, చేయి కదిలితే చెదిరేది. 2013లో నెక్సస్ 5లో గూగుల్ తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ మరో దారి పట్టింది: ఎక్స్‌పోజర్ మార్చకుండా, కావాలనే తక్కువ వెలుగుతో, గబగబా చాలా ఫ్రేములు తీసి, వాటిని సరిగా పేర్చి సగటు కడుతుంది. సగటు కట్టడంతో నలుసులు తగ్గుతాయి, తక్కువ వెలుగుతో తీసినందువల్ల ఆకాశం తెల్లబడదు, తరువాత నీడలను లేపుతుంది. కదిలే జనం ముందు ట్రైపాడ్ చేయలేని పనిని ఇది చేస్తుంది.

ఫోనుతో ఇబ్బంది వేరేచోట ఉన్నది. ఏది చీకటిగా ఉండాలో అది మిమ్మల్ని అడగదు. పైన అమలాపురం మాస్టారి మండువాను ఫోనుతో తీస్తే దాదాపు ఆయన కలిపినదానిలాంటి చిత్రమే వస్తుంది. మీ ఫోనులో రా ఫైలు తీసే వీలుంటే ఒకసారి అదే బ్యారేజీని అలా తీసి, మీ చేత్తో మీరు దిద్ది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మాది హైదరాబాద్. నలభై ఏళ్లు స్టూడియో నడిపి విరమించుకున్నాను. మా కాలంలో ఒక్క నెగెటివ్, ఒక్క ప్రింట్. ఈ అయిదు ఫొటోలు కలిపే విద్య ఛాయాగ్రహణం కాదనీ, కంప్యూటర్ పనితనమనీ నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు: తమరు డార్క్ రూములో ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) కింద కాగితానికీ లెన్సుకూ మధ్య అరచేయి ఆడించి ముఖాన్ని తేల్చిన చేతులవారు, ఆ చేయి అడ్డంపెట్టిన నాలుగు సెకన్లే ఇవాళ స్లైడర్ అయింది. ఒక్క నెగెటివ్‌లో ఉన్న వెలుగంతా ఒక్క కాగితం మీద పట్టదని తమరి తరానికి మా అందరికంటే బాగా తెలుసు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో కంటి కింద నీడలను సవరించిన రోజులు కూడా తమరికి గుర్తుండే ఉంటాయి.

అసలు రెండు నెగెటివ్‌లను కలపడం దాదాపు ఛాయాగ్రహణమంత పాతది. పందొమ్మిదో శతాబ్దపు గాజు పలకల మీది మందు నీలిరంగుకు అతిగా స్పందించేది, నేలకు సరిపెడితే ఆకాశం ఖాళీ తెలుపు అయ్యేది. ఆనాటి కట్టడాల ఫొటోలలో చాలావాటికి ఆకాశమే లేనట్లుండడానికి కారణం అదే. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల మధ్యలో సముద్రానికి ఒక పలక, ఆకాశానికి ఒక పలక తీసి, ఒకే కాగితం మీద ముద్రించి ఆ ఇబ్బందిని దాటాడు. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతి, దృశ్యంలో ఏ భాగం కాగితం మీద ఎంత నలుపుగా ఉండాలో షట్టర్ నొక్కకముందే నిర్ణయించుకోమంటుంది. కంప్యూటర్ వచ్చి చేరింది ఆ తరువాతే: 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే బర్క్‌లీ పరిశోధకులు, షట్టర్ వేగాలు తెలిసిన కొన్ని ఫొటోల నుంచి దృశ్యంలోని వెలుగుల నిష్పత్తులను లెక్కగట్టే మార్గం చూపారు. మాలిక్ మన దేశంలో పుట్టినవారే.

తమరు చెప్పినదానిలో ఒక్కటి మాత్రం నేను కాదనలేను. డార్క్ రూములో చేయి నొప్పిపుట్టేది కనుక అతి చేయడానికి హద్దుండేది. వార్తాచిత్రాల పోటీలలోనూ, వన్యప్రాణి చిత్రాల పోటీలలోనూ ఫ్రేములు కలపడాన్ని నిషేధించడమో, కలిపామని చెప్పమనడమో ఉంటుంది. ఆ నియమం సబబైనదే.

ప్రశ్న: హిందూపురం. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలను తీయాలని నా కోరిక. ట్రైపాడ్ తీసుకుపోతే ఆపారు. చేతితో పట్టుకుంటే కదిలిపోతున్నది. ఏం చేయమంటారు?

జవాబు: పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి కనుక ఆపినవారి తప్పు లేదు. పైకప్పుకు ట్రైపాడ్ అవసరం కూడా లేదు. ఒక గుడ్డ సంచిలో అర కిలో బియ్యం పోసి మూతి కుట్టుకుని వెంట తీసుకెళ్లండి. సంచిని మండపం నేలమీద పెట్టి, దానిమీద కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టి, లెన్సును పైకప్పుకు గురిపెట్టి, రెండు సెకన్ల టైమరు నొక్కి పక్కకు తప్పుకోండి. మూడు ఫ్రేములు, రెండేసి స్టాపుల తేడాతో చాలు. తెర కనిపించదు కనుక ముందు ఒకటి తీసి చూసి సంచిని సర్దుకోవాలి. జనం నడిచే దారిలో పెట్టకండి. ఫ్లాష్ వేయకండి, అది రంగులకు మంచిది కాదు, పైగా చిత్రంలో నడుమ తెల్లటి మచ్చ మిగులుస్తుంది. మండపం అంచున బయటి ఎండ కనిపించేచోట తప్ప, పైకప్పు మీద పడే వెలుగులో తేడాలు తక్కువ. కాబట్టి నడుమ ఫ్రేమును ఆధారం చేసుకుని, అంచులను మాత్రమే తక్కువ ఎక్స్‌పోజర్ నుంచి తెచ్చుకుంటే 16వ శతాబ్దపు ఆ ఎరుపులూ గోధుమలూ మసకబారకుండా వస్తాయి.

ప్రశ్న: కొత్త టీవీ పెట్టెమీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంది. మీరు చెప్పేదీ అదీ ఒకటేనా? (ఒంగోలు)

జవాబు: ఒకటి కాదు, చుట్టాలు. మేము చేసేది పెద్ద వెలుగును మామూలు తెరలో ఇరికించడం. ఆ టీవీ చేసేది తెర చూపగల వెలుగు పరిధినే పెద్దది చేసి, మెరుపులను మామూలు టీవీ కంటే ఎక్కువ వెలుగుతో చూపడం. ఈ కాలమ్‌లోని చిత్రాలను ఆ టీవీలో చూసినంతమాత్రాన మారవు.

ప్రశ్న: రాజమహేంద్రవరం. పుష్కర ఘాట్ నుంచి రాత్రిపూట ఆర్చి వంతెనను తీస్తే దీపాలు తెల్లటి ముద్దలవుతున్నాయి, వంతెన చీకట్లో పోతున్నది. ఏడు ఫ్రేములు కలిపినా ఆకాశం మసిబట్టినట్లున్నది. ఇంకా ఎన్ని తీయాలి?

జవాబు: ఒక్కటి తీయండి, రెండు గంటలు ముందు వెళ్లండి. పూర్తిగా చీకటి పడ్డాక ఆకాశంలో పట్టుకోవడానికి వెలుగే ఉండదు కనుక ఎన్ని ఫ్రేములు కలిపినా వచ్చేది ఆ మసే. సూర్యుడు అస్తమించిన 20 నిమిషాల తరువాత ఓ పది నిమిషాలపాటు ఆకాశపు నీలమూ, దీపాల వెలుగూ, నీళ్లమీది ప్రతిబింబమూ ఇంచుమించు ఒకే స్థాయికి వస్తాయి. ఆ పది నిమిషాలూ ప్రకృతే మీకోసం టోన్ మ్యాపింగ్ చేస్తుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 దగ్గర నాలుగైదు సెకన్లు పెట్టి రా ఫైలు తీసి చూడండి; దీపాలు ఇంకా ముద్దలవుతుంటే సెకన్లు తగ్గించండి. రైలు వంతెన మీదికి వచ్చిందంటే మాత్రం కెమెరా తెరవైపు చూడకుండా షట్టర్ నొక్కండి, పెట్టెల కిటికీల వెలుగు ఆర్చీల కింద ఒకే గీతగా వస్తుంది.